అరిగిన నమూనా, కొత్త క్లచ్: గుంటూరు మైదానంలో ఆగిపోయిన విడిభాగాల పునర్నిర్మాణం

ఇంగ్లండులోని అబింగ్డన్ కర్మాగారంలో 1955 నుంచి 1962 వరకు లక్షకు పైగా తయారైన ఎం.జి.ఎ. స్పోర్ట్స్ కారుకూ, అర్ధ శతాబ్దం పాటు గుంటూరు వీధుల్లో అద్దెకు తిరిగిన అంబాసిడర్ కారుకూ పైకి ఏ పోలికా కనబడదు గానీ, బానెట్ ఎత్తి చూస్తే రెండూ ఒకే వంశానికి చెందినవని తెలుస్తుంది. ఆస్టిన్, మోరిస్ సంస్థలు 1952లో ఏకమై ఏర్పడిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ తన అనేక కార్లకు ఉమ్మడిగా వాడుకున్న 'బి సిరీస్' ఇంజనే, 1,489 ఘనపు సెంటీమీటర్ల కొలతతో, తొలి ఎం.జి.ఎ.లోనూ ఉంది, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నమూనాపై ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్‌లోనూ 1950ల చివరి నుంచి ఉంది. ఇంగ్లండులో ఆ ఇంజనుకు రెండు కార్బురేటర్లు తగిలించి సుమారు 70 అశ్వశక్తి రాబట్టగా, ఇక్కడ ఒకే కార్బురేటరుతో, తక్కువ శక్తితో, ఎక్కువ మందిని మోయించారు. ఇంజను శక్తిని గేరుపెట్టెకు అందించే క్లచ్ కూడా రెండింటిలోనూ బోర్గ్ అండ్ బెక్ పద్ధతికి చెందిన ఎనిమిది అంగుళాల ఏకఫలక క్లచ్చే. ప్రతి భాగమూ ఒకదాని స్థానంలో మరొకటి ఇమడదు గానీ, నిర్మాణ సూత్రమూ, అరిగే తీరూ, బాగుచేసే విధానమూ ఒకటే. పాత స్పోర్ట్స్ కారుకు దొరకని క్లచ్ భాగాలను తిరిగి తయారు చేయడమనే పని పాశ్చాత్య దేశాల్లో సేకర్తల అభిరుచిగా పేరు పొందితే, అదే పని ప్రత్తిపాడు పరిసరాల పత్తి, మిరప మైదానంలో రోజువారీ జీవనావసరంగా సాగింది.

ఈ చరిత్ర అర్థం కావాలంటే క్లచ్ పనితీరు కొంత తెలియాలి. ఇంజను వెనుక తిరిగే బరువైన ఇనుప చక్రాన్ని ఫ్లైవీల్ అంటారు. దానికీ, స్ప్రింగుల బలంతో దానివైపు నెట్టుకునే ప్రెషర్ ప్లేటుకూ మధ్య, రెండు ముఖాలకూ లైనింగ్ అనే గరుకు పదార్థం అతికించిన పలుచని ఉక్కు పళ్లెం ఉంటుంది. వాడుకలో క్లచ్ ప్లేట్ అన్నది దీన్నే. దాని నడిమి భాగమైన హబ్ లోపలివైపు నిలువు గాళ్లు ఉంటాయి. స్ప్లైన్లు అనబడే ఈ గాళ్లలో గేరుపెట్టె ఇరుసు ఇమిడి తిరుగుతుంది. పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి, ఫింగర్లు అని పిలిచే మూడు తులాదండాలను నొక్కగా, అవి ప్రెషర్ ప్లేటును వెనక్కు లాగి పళ్లేన్ని విడిపిస్తాయి. బి సిరీస్ కార్ల రిలీజ్ బేరింగులో గుళ్లు ఉండవు. ఇనుప చట్రంలో బిగించిన గ్రాఫైట్ వలయమే తిరిగే లోహాన్ని నేరుగా ఒరుసుకుంటుంది. తైలం అక్కరలేని ఆ ఏర్పాటు చవకైనదే అయినా, పెడల్ మీద ఎప్పుడూ కాలు ఆనించి నడిపే డ్రైవరు చేతిలో త్వరగా అరిగిపోతుంది.

గుంటూరుకు దక్షిణంగా, పర్చూరు వెళ్ళే దారిలో ఉన్న ప్రత్తిపాడు చుట్టుపక్కల నేల నల్లరేగడి. వాన పడితే చక్రాన్ని పట్టి వదలని ఆ నేలలో కూరుకున్న ట్రాక్టరునో, పత్తి బోరాలతోనో మిరప టిక్కీలతోనో నిండిన లారీనో బయటికి లాగడానికి డ్రైవరు పెడల్‌ను సగం తొక్కి పట్టి ఇంజనును గట్టిగా తిప్పుతాడు. హాఫ్ క్లచ్ అనే ఈ పద్ధతిలో పళ్లెం జారుతూ తిరుగుతుంది కాబట్టి, మంచి రోడ్డు మీద వేల మైళ్లు రావలసిన లైనింగ్ ఒక్క సాయంత్రంలో మాడిపోవచ్చు. ఆ వేడికి ప్రెషర్ ప్లేటు నీలిరంగు తిరుగుతుంది, స్ప్రింగులు బిగువు కోల్పోతాయి. స్ప్రింగు చచ్చిపోయిందని మెకానిక్కులు అనేది ఈ స్థితినే. పంట ఇంటికి చేరే నెలల్లోనే రవాణా ఒత్తిడీ ఎక్కువ కావడంతో, మద్రాసు నుంచో కలకత్తా నుంచో భాగం వచ్చేదాకా వేచి ఉండే వెసులుబాటు బండి యజమానికి ఉండేది కాదు. విడిభాగాన్ని స్థానికంగా చేసుకోవాలన్న పట్టుదలకు మూలం ఈ నేలలోనూ, ఈ పంటల కాలపట్టికలోనూ ఉంది.

అయితే ఈ విద్య మోటారు బండ్లతో మొదలైనది కాదు. కోకనాడా పత్తి అనే వ్యాపారనామంతో కాకినాడ రేవు పేరు మీద చలామణీ అయిన పత్తిలో గణనీయమైన భాగం గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో పండేది. గింజను దూదినుంచి వేరుచేసే పని చేతి చర్ఖా నుంచి యంత్రానికి మారినప్పుడు భారతదేశంలో విరివిగా నెలకొన్నది రోలర్ జిన్. ఫోన్స్ మెకార్తీ అనే అమెరికన్ 1840లో హక్కు పొందిన నమూనా అది. దాన్ని మెరుగుపరచి ఇండియాకు ఎగుమతి చేసిన సంస్థల్లో ఓల్డ్‌హామ్ పట్టణపు ప్లాట్ బ్రదర్స్ ముఖ్యమైనది. తోలు తొడిగిన రోలరు దూదిని లాగుతుంటే, దానికి ఆనుకున్న స్థిరమైన కత్తి గింజను అడ్డగిస్తుంది, పైకీ కిందికీ ఆడే రెండో కత్తి ఆ గింజను తట్టి కింద పడేస్తుంది. తోలూ, కత్తీ, కత్తిని ఆడించే ఎక్సెంట్రిక్ చట్రమూ నిరంతరం అరిగేవే. వాటిని ఓల్డ్‌హామ్ నుంచి తెప్పించుకోవడం ఓడల కాలంలో నెలల వ్యవహారం. యుద్ధ కాలాల్లో అది అసాధ్యమే అయింది. ప్లాట్ బ్రదర్స్ 1931లో సాటి సంస్థలతో కలిసి టెక్స్‌టైల్ మెషినరీ మేకర్స్ అనే ఉమ్మడి సంస్థలో చేరిపోయింది. మాతృసంస్థ రూపు మారినా ఇక్కడి జిన్నులు మాత్రం దశాబ్దాల తరబడి ఆగకుండా ఆడాయంటే, పోత పోసేవారూ, లేత్ పనివారూ, తోలు పనివారూ వాటిని భాగం తర్వాత భాగంగా పునర్నిర్మిస్తూ రావడమే కారణం.

జిన్నింగ్ మిల్లులో మరొక పాఠం కూడా ఉంది. మిల్లు పొడవునా తిరిగే ఉమ్మడి ఇరుసు నుంచి ఒక్కొక్క జిన్నుకు తోలు పట్టా వెళ్ళేది. జిన్ను పక్కన రెండు కప్పీలు ఉండేవి, ఒకటి ఇరుసుకు బిగించినది, మరొకటి ఊరికే తిరిగేది. పట్టాను ఊరికే తిరిగే కప్పీ మీదికి జరిపితే ఉమ్మడి ఇరుసు తిరుగుతూనే ఉన్నా ఆ జిన్ను ఒక్కటే నిలిచిపోయేది. శక్తిని ఆపకుండా పనిని ఆపడమే క్లచ్ చేసేది కూడా. మోటారు క్లచ్‌ను మొదటిసారి విప్పి చూసిన మిల్లు ఫిట్టరుకు దాని ఆకృతి కొత్తదైనా అంతరార్థం పరిచితమైనదే. తెలుగునాట మోటారు మెకానిక్కుల విద్యను గ్యారేజీ నుంచే మొదలుపెట్టి చెప్పే అలవాటు ఉంది గానీ, మిల్లును విడిచి ఆ విద్య పుట్టుకను వివరించడం అసంపూర్ణమే.

రెండో ప్రపంచ యుద్ధం ఈ విద్యను రోడ్డు మీదికి తెచ్చింది. పెట్రోలు కొరత వల్ల బొగ్గు వాయువుతో బస్సులు నడిచిన ఆ కాలంలో కొత్త భాగాల దిగుమతి దాదాపు నిలిచిపోయింది. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న ఫోర్డ్, షెవర్లే లారీలు పౌర రవాణాలోకి వచ్చాయి. ఆ తర్వాత 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసుల మేరకు, దేశంలో క్రమక్రమంగా పూర్తి ఉత్పత్తికి సిద్ధపడని కూర్పు కర్మాగారాలకు చోటు లేదని ప్రభుత్వం నిర్ణయించింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ తమ భారతీయ కర్మాగారాలను మూసుకున్నాయి. విధానంగా అది సమర్థనీయమైనదే, స్వదేశీ మోటారు పరిశ్రమ అక్కడే వేళ్లూనింది. కానీ అప్పటికే రోడ్డు మీదున్న వేలాది అమెరికన్ బండ్లు ఆ నిర్ణయంతో అనాథలయ్యాయి. ఉత్పత్తి ఆగిపోయిన బండికి క్లచ్ భాగాలు చేయడమన్న సమస్య, నేడు పాత స్పోర్ట్స్ కార్ల యజమానులు ఎదుర్కొంటున్న రూపంలోనే, ఇక్కడి లారీ యజమానులకు 1950ల్లోనే ఎదురైంది. వాళ్లకు మరో బండి కొనే స్తోమతు లేకపోవడమే ఉన్న తేడా.

ఆ అవసరాలన్నీ ఒకచోట పోగుపడిన స్థలం విజయవాడ ఆటోనగర్. మద్రాసు, కలకత్తా, హైదరాబాదు దారులు కలిసే పట్టణం కావడంతో విజయవాడ నడిబొడ్డున గ్యారేజీలు, లేత్ షాపులు, తుక్కు దుకాణాలు ముందే కిక్కిరిసి ఉండేవి. 1960ల్లో వాటికోసం ఊరి వెలుపల జవహర్ ఆటోనగర్ ఏర్పడింది. ఒకే కూడలిలో పోత, లేత్, వెల్డింగు, కమ్మీల పని, స్ప్రింగుల పని, లైనింగ్ అతికే పని దొరకడం దాని అసలు బలం. గుంటూరులోనూ, జాతీయ రహదారి మీదున్న చిలకలూరిపేటలోనూ ఇటువంటి వాడలే, చిన్న పరిమాణంలో, ఎదిగాయి. ప్రత్తిపాడు, పెదనందిపాడు ప్రాంతాల బండ్లకు ఇవే ఆస్పత్రులు.

ఈ పనిలో అన్నిటికంటే క్లిష్టమైన సమస్యకు యంత్రాలతో సంబంధం లేదు, అది ఆలోచనకు సంబంధించినది. నక్షా లేదు, కంపెనీ లేదు, చేతిలో ఉన్నది అరిగిపోయిన నమూనా ఒక్కటే. దాన్ని ఉన్నదున్నట్టు కొలిచి కొత్తది చేస్తే, తయారయ్యేది కొత్తగా అరిగిన భాగమే అవుతుంది. ఫింగరు కొన పావు అంగుళం దాకా అరిగి ఉండవచ్చు, హబ్ స్ప్లైన్లు ఒకవైపే తినిపోయి కొక్కేల్లా వంగి ఉండవచ్చు. అనుభవజ్ఞుడైన టర్నరు అందుకే ముందుగా అరగని చోటును వెతుకుతాడు. స్ప్లైన్ చివర ఇరుసు చేరని అంచు, బోల్టు తల కింద దాగిన ముఖం, లైనింగ్ కప్పిన ఉక్కు భాగం పుట్టినప్పటి కొలతను దాచి ఉంచుతాయి. ఆ తర్వాత దాని జోడీ భాగాన్ని కొలిచి, రెండింటి మధ్య ఉండవలసిన ఖాళీ ఎంతో నిర్ణయిస్తాడు. చివరగా, వచ్చిన అంకెను ఆ నాటి తయారీదారు అలవాటుతో సరిచూస్తాడు. ఇంగ్లీషు బండిలో ఒక కొలత అంగుళంలో పదహారో వంతుకో ముప్పై రెండో వంతుకో దగ్గరగా వస్తే, అసలు కొలత ఆ భిన్నమేనని గ్రహిస్తాడు. అరిగిన వస్తువు నుంచి అరగక ముందరి ఉద్దేశాన్ని రాబట్టే ఈ పద్ధతి, శిథిల శాసనంలో చెరిగిన అక్షరాలను పూరించే పండితుడి పనికి ఏమాత్రం తక్కువది కాదు, దానికి దక్కవలసిన గౌరవం దక్కలేదు.

కొలతల భేదం దీనికి తోడైంది. దశాంశ తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చి, 1958 నుంచి దశలవారీగా అమలైనా, అంబాసిడర్ బోల్టులు అంగుళాల లెక్కలోనే కొనసాగాయి. ఇటలీ నుంచి వచ్చిన ఫియట్ 1100, అంటే తర్వాతి ప్రీమియర్ పద్మిని, మొదటి నుంచీ మిల్లీమీటర్లది. మెకానిక్కు పెట్టెలో రెండు రకాల పానాలు ఉండక తప్పలేదు. లేత్‌లో మరింత చిక్కు ఉంది. అంగుళాల లీడ్ స్క్రూ ఉన్న లేత్ మీద మిల్లీమీటరు మర కోయాలంటే 127 పళ్ల గేరు కావాలి, ఎందుకంటే అంగుళం 25.4 మిల్లీమీటర్లు, దాన్ని పూర్ణసంఖ్యగా మార్చాలంటే అయిదింతలు చేయాలి. ఉక్కు ఎంపికలో కూడా పాత ఆంగ్ల ప్రమాణాల వాసన పోలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ రూపొందించిన ఇ.ఎన్. అంకెలను ఆ దేశమే 1970ల్లో పక్కన పెట్టినా, ఆంధ్ర లేత్ షాపుల్లో సాధారణ ఇరుసుకు ఇ.ఎన్. 8, బలమైన దానికి ఇ.ఎన్. 24 అనే నేటికీ అడుగుతారు.

పద్మిని ప్రస్తావన వచ్చింది కాబట్టి మరొక బంధుత్వాన్ని చెప్పుకోవాలి. 1,089 ఘనపు సెంటీమీటర్ల ఫియట్ 1100 ఇంజను వంశం నుంచే ఇటలీలో సిసిటాలియా 202 అనే స్పోర్ట్స్ కారు పుట్టింది. రూపకల్పనలో అది ఎంత మేటిదంటే న్యూయార్కులోని ఆధునిక కళల ప్రదర్శనశాల దాన్ని తన శాశ్వత సేకరణలో చేర్చుకుంది. ఆ ఇంజను వారసత్వమే బొంబాయి టాక్సీలనూ, కోస్తా పట్టణాల డాక్టర్ల సొంత కార్లనూ నడిపించింది.

క్లచ్ పునర్నిర్మాణంలో అడుగడుగునా నేర్పు కావలసిన ఘట్టాలు ఉన్నాయి. పాత లైనింగును తొలగించడానికి రివిట్లను డ్రిల్లుతో తీసి, పళ్లెం వంకర పోయిందేమో తిప్పి చూసి, కొత్త లైనింగును ఇత్తడి రివిట్లతో కొడతారు. రివిట్ తల లైనింగు ఉపరితలానికి బాగా లోపల ఉండాలి, లేకపోతే కొద్దిగా అరగగానే అది ఫ్లైవీలును గీరేస్తుంది. అలా గీతలు పడిన ఫ్లైవీలునూ ప్రెషర్ ప్లేటునూ లేత్ మీద పలుచగా చెక్కి చదును చేస్తారు. అయితే చెక్కినకొద్దీ స్ప్రింగులు సాగి బలం తగ్గుతుంది కనుక, వాటి కింద ఆ మేరకు బిళ్లలు వేసి సరిచేయాలి. ఈ సూక్ష్మం తెలియని షాపులో బాగుచేసిన క్లచ్ బరువెక్కగానే జారుతుంది. చివరగా మూడు ఫింగర్ల ఎత్తు సమానంగా కుదర్చాలి. ఒకటి కాస్త ఎక్కువ తక్కువైనా, ప్లేటు ఏటవాలుగా విడిపోయి, బండి కదిలేటప్పుడు వణుకుతుంది. హబ్‌కు కొత్త స్ప్లైన్లు కావాలంటే పెద్ద కర్మాగారం బ్రోచ్ అనే పొడవైన పళ్ల కోతసాధనాన్ని ఒక్కసారి లాగి పని ముగిస్తుంది. చిన్న షాపు స్లాటింగ్ యంత్రం మీద ఒక్కొక్క గాడినీ విడివిడిగా, విభజన పళ్లెంతో కోణం లెక్కిస్తూ కోయాలి. గ్రాఫైట్ వలయాన్ని గట్టి దిమ్మ నుంచి లేత్ మీద చెక్కి, ఇనుప చట్రాన్ని వేడిచేసి వ్యాకోచింపజేసి అందులో దించితే, చల్లారినప్పుడు ఇనుము దాన్ని బిగించి పట్టుకుంటుంది.

లైనింగు గురించి చెప్పేటప్పుడు ఒక చేదు నిజాన్ని దాటవేయకూడదు. హెర్బర్ట్ ఫ్రూడ్ ఇంగ్లండులో 1897లో ప్రారంభించిన ఫెరోడో వంటి పరిశ్రమల్లో, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశల నుంచి చివరి దశల దాకా, లైనింగుకు ప్రాణం ఆస్బెస్టాస్ అనే రాతినారే. వేడికి తట్టుకునే ఆ నార కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ దొరికింది. క్రైసోటైల్ రకపు గనులు అక్కడ నడిచాయి. ఆ దుమ్ము పీల్చినవారికి పదేళ్లకో, ముప్పై ఏళ్లకో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బూ, కేన్సరూ రావచ్చని వైద్యశాస్త్రం స్థిరపరచింది. భారత ప్రభుత్వం 1986 నుంచి కొత్త గనుల లీజులను నిలిపివేయగా, బ్రిటన్ 1999లో వాడకాన్నే నిషేధించింది. క్లచ్ గూటిలోని నల్లని దుమ్మును గాలి పైపుతో ఊదడం, లైనింగును ముక్కుకు గుడ్డ అయినా లేకుండా ఆకురాయితో రాయడం మన షాపుల్లో మామూలు పనులుగా సాగాయి. ఈ విద్య గొప్పతనాన్ని కొనియాడే చరిత్ర, దాన్ని సాగించిన కార్మికుల ఊపిరి గురించి మౌనం వహిస్తే అది అన్యాయమైన చరిత్ర అవుతుంది. పాత బండ్లకు నేడు క్లచ్ పునర్నిర్మించేవారు ఆస్బెస్టాస్ లేని లైనింగే వాడాలి, పాతదాన్ని విప్పేటప్పుడు దుమ్మును తడిపి తుడవాలి.

పాశ్చాత్య దేశాల్లో ఈ పని వేరే దారిలో నడిచింది. బ్రిటిష్ లేలాండ్ 1975లో నెలకొల్పిన బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత ముద్రలను, అచ్చులను వెతికి తీసి, ఎం.జి. వంటి కార్ల భాగాలను మళ్ళీ తయారుచేయడం మొదలుపెట్టింది. 1988లో ఎం.జి.బి. కారు పూర్తి దేహాన్నే కొత్తగా అందించింది. జర్మనీలో పోర్షే సంస్థ 1980ల్లో 292 మాత్రమే చేసిన 959 స్పోర్ట్స్ కారుకు క్లచ్ రిలీజ్ లివర్ దొరకకపోవడంతో, 2018 నాటికి దాన్ని లోహపు పొడిని లేజరుతో పొర మీద పొరగా కరిగించే ముద్రణ పద్ధతిలో తయారు చేసింది. మొదట పోత ఇనుముతో చేసిన ఆ లివరును ఈసారి పనిముట్ల ఉక్కుతో ముద్రించి, దాదాపు మూడు టన్నుల ఒత్తిడితో పరీక్షించి, ఆ తర్వాత లోపలి పగుళ్లకోసం కిరణాలతో పరిశీలించారు. ఇక్కడ గమనించవలసినది, కొద్ది బండ్లకోసం కొత్త అచ్చు చేయడం గిట్టుబాటు కాదన్న చిక్కు అంత పెద్ద సంస్థకూ తప్పలేదన్నది. ఆటోనగర్ షాపు ఆ చిక్కును ఏనాడో మరో విధంగా విప్పింది. ఒక్క భాగమే కావాలంటే ఒక్క భాగమే, ఇసుకలో ఒకేసారి వాడే అచ్చు కట్టి పోత పోసి, లేత్ మీద సాపు చేసి ఇచ్చింది. లోపలి పగుళ్లను పరీక్షించే సాధనం మాత్రం దానికి లేదు. సుత్తితో తట్టి నాదం వినడమే దానికున్న పరీక్ష, ఆ తేడా తక్కువది కాదు.

1983 డిసెంబరులో మారుతి 800 రాకతో ఈ విద్యకు అసలైన పరీక్ష ఎదురైంది. ఆ తరం కార్ల క్లచ్‌లో చుట్ట స్ప్రింగులూ, విడి ఫింగర్లూ లేవు. గిన్నె ఆకారంలో వంగిన ఒకే ఉక్కు రేకు, మధ్యకు చీల్చిన నాలుకలతో, రెండు పనులనూ చేస్తుంది. డయాఫ్రమ్ స్ప్రింగు అనే దీన్ని ఎం.జి.బి.లో 1962లోనే వాడారు. వంపు కోణమూ, రేకు మందమూ, పదును పెట్టే ఉష్ణోగ్రతా కచ్చితంగా కుదరకపోతే పెడల్ బరువు మారిపోతుంది, రేకు నాలుకలు విరుగుతాయి. అటువంటి పదును చిన్న కొలిమికి సాధ్యం కాదు. కవరు మొత్తం రివిట్లతో బిగించి ఉండటం వల్ల విప్పి సర్దే అవకాశం కూడా లేదు. చెడితే మార్చడమే, బాగుచేయడం లేదు. లైనింగు కొట్టే షాపులు కొన్ని పెద్ద లారీలకూ, ట్రాక్టర్లకూ పరిమితమయ్యాయి, మరికొన్ని కంపెనీ డబ్బాలు అమ్మే దుకాణాలుగా మారాయి.

మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలోనూ, అంబాసిడర్ ఉత్పత్తి అదే ఏడాది మే నెలలోనూ ఆగిపోయాయి. పాత అంబాసిడర్ చుట్ట స్ప్రింగు క్లచ్‌ను ఫింగరు నుంచి గ్రాఫైట్ వలయం దాకా చిన్న లేత్ షాపు తిరిగి చేయగలదు, మారుతి డయాఫ్రమ్‌ను చేయలేదు. కనుక కంపెనీ డబ్బాలు అయిపోయిన నాడు ముందుగా నిలిచిపోయేది కొత్త తరపు కారే. నేడు అంబాసిడర్‌నో, ఎక్కడో మిగిలిన ఎం.జి.నో నడుపుకునేవారు హబ్ స్ప్లైన్లకోసం, ఫింగర్ల పిన్నులకోసం ఇంకా ఆ షాపుల మెట్లే ఎక్కుతున్నారు. అరగని అంచును వెతికి పట్టే చూపు మాత్రం పుస్తకాల్లోకి ఎక్కలేదు. ఐ.టి.ఐ. టర్నరు కోర్సులో నక్షా చదవడం నేర్పుతారు గానీ, నక్షా లేని భాగాన్ని చదవడం ఇప్పటికీ మేస్త్రీ పక్కన నిలబడి నేర్చుకోవలసినదే.